ఉప్పు తిన్న చేయి

ఓడిల్ బ్రూసార్ ముప్ఫై ఒక్క ఏళ్ళు
హ్యూస్టన్‌లో, పందొమ్మిదో అంతస్తులో
ఒక కుటుంబం ఫౌండేషన్ చెక్కులు టైపు చేసింది.

పిల్లల ఆసుపత్రికి ఇచ్చినప్పుడు
బ్యాండు మేళం, రిబ్బను,
ఫొటోలో వెనక వరసలో సగం మొహంతో తను.
మిగతా చెక్కులకు ఫొటోలు లేవు.
"విద్యా వికాసం" అని కొట్టమనేవారు.
"స్వేచ్ఛ" అని.
ఒక పెద్ద మొత్తానికి ఊరికే "సాధారణ సహాయం" అని.
కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదంటారు,
అక్కడ ఎడమచేతికే పని ఎక్కువ.

ఆ డబ్బు ఎటు పోతుందో ఆమె అడగలేదు.
జీతం ఒకటో తారీఖునే పడేది.
ముసలి డెవెరిల్ గారు క్రిస్మస్‌కి హామ్ పంపేవాడు,
ఆమె పేరు తప్పులేకుండా రాసి.
రిటైరైన రోజు గాజు గడియారం.

ఇప్పుడు లూసియానాలో, తమ్ముడింట్లో,
స్తంభాల మీదికెత్తిన వంటగదిలో
సింకు కింద పైపు కారుతుంటే
పాత కాగితాలు పరుస్తోంది.
ఒకటి చేతికి అంటుకుంది.
తమ్ముడి మనవరాలికి బడిలో ఉచితంగా ఇచ్చిన పుస్తకం:
"సముద్రం ఎప్పుడూ ఇంతే. శాస్త్రవేత్తలకే ఇంకా తేలలేదు."
చివరి పేజీలో చీమంత అక్షరాల్లో ఒక సంస్థ పేరు.
రెండు ఆర్‌లు, ఒక్క ఎల్.
ఆమె వేళ్ళకి ఇంకా గుర్తుంది.

కిటికీ అవతల ఓక్ చెట్లు
నిలువునా తెల్లబడి ఉన్నాయి,
వేళ్ళకి ఉప్పునీరు తగిలి.

"వాళ్ళ ఉప్పు తిన్నాన్రా, ఎమీల్" అంది.
వల బాగుచేస్తున్నవాడు తలెత్తలేదు.
"మేమూ తింటున్నాంలే" అన్నాడు.
"కుళాయిలోంచి."