ఒక నక్షత్రం

నారిన్ ఊళ్లో బురుల్చా
ఉన్ని జోళ్లు చేస్తుంది.
వేడినీళ్లు, సబ్బు, మోచేతులు.
జతకు రెండు రోజులు.
ఫోటోకు మాత్రం వారం పట్టినా పడుతుంది:
ఆ కిటికీలో ఎండ నిలిచేది పావుగంట,
సరిగ్గా ఆ పావుగంటలోనే
పిల్లి వచ్చి జోళ్ల మీద పడుకుంటుంది.

హాంబర్గ్ నుంచి ఎవరో ఒకామె
ఐదింటికి ఒక్క నక్షత్రం విసిరింది:
"తడిస్తే గొర్రె వాసన."

రాత్రంతా జవాబు రాసింది బురుల్చా.
క్షమించండి అని రాసి, చెరిపింది.
మరి మల్లెల వాసన రావాలా అని రాసి,
కాసేపు చూసుకుని మురిసి, చెరిపింది.
పొయ్యి మీద టీ మరిగి మరిగి
తారు అయింది.

తెల్లారగట్ల దొడ్లోకెళ్లి
కుంటి గొర్రె మెడలో మొహం పెట్టి
గట్టిగా పీల్చింది.
మంచు పడి తడిసి ఉంది అది.
నిజమే.
ఆవిడ అబద్ధమాడలేదు.

వచ్చి, కొలతల కింద, ధరకు పైన
చేర్చింది రెండు ముక్కలు:
"తడిస్తే గొర్రె వాసన వస్తుంది.
గొర్రె పేరు అక్సాక్."

నెల తిరిగాక పోస్టాఫీసులో
గుమాస్తా తక్కెడ తుడుస్తూ, ఎన్ని? అన్నాడు.
మూడు.
ఒకటి మళ్లీ హాంబర్గ్‌కే, అదే ఇంటికి.
అరచేతిలో పట్టేంత సైజు.