మూడో కౌంటరు

సూర్యారావుపేటలో ఆసుపత్రి. కింద బిల్లింగు.
నాలుగు కౌంటర్లు, నాలుగు థిన్ క్లయింట్లు,
గంటల పంచాంగమంత డబ్బాలు.
వాటికి సొంత బుర్ర లేదు.
బుర్ర నాలుగో అంతస్తులో, ఏసీ గదిలో ఉంటుంది.
నడుమ ఒక నీలి తీగ.

తీగ తెగట్లేదు, అదే గొడవ.
తెగితే అతికి పోయేవాణ్ణి.
ఉండుండి కనెక్షన్ పోతుంది,
తెర బూడిదరంగుకి తిరుగుతుంది,
నలభై సెకన్లకి నంగనాచిలా వచ్చి కూర్చుంటుంది.

మొదటి రోజు కనెక్టర్లు కత్తిరించి మళ్ళీ వేశాను.
రెండో రోజు స్విచ్ మార్చాను.
మూడో రోజు, ఒకరి అడ్రసు ఇంకొకరు వాడుకుంటున్నారేమోనని
పాపం ప్రింటర్లని కూడా అనుమానించాను.
నాలుగో రోజు అలంకార్ సెంటర్లో
మే నెల ఎండలో టీ తాగుతూ
నన్ను నేనే.

పింగ్ పెట్టి కాపలా కూర్చున్న మధ్యాహ్నమంతా
ఒక్కటీ పోదు.
డాక్టరు చెయ్యి వెయ్యగానే తగ్గిపోయే కడుపునొప్పి.

మూడో కౌంటరు సలోమి గారు
మందుల కంపెనీ డైరీ ఒకటి నా ముందుకు తోశారు.
పెన్సిలు అంకెలు.
తొమ్మిదీ పది. తొమ్మిదీ నలభై ఏడు. పదకొండూ రెండు.
పక్క గడిలో "తిట్టారు", "తిట్టలేదు".
ఫిబ్రవరి నుంచి.

ఆ అంకెలు పట్టుకుని తిరిగాను
జనరేటర్ కుర్రాడి దగ్గరికి, ఎక్స్‌రే గదికి,
క్యాంటీన్ గ్రైండర్ దాకా.
లిఫ్టు బాజీ నా భుజం మీంచి చూసి
"ఇవి నా ట్రిప్పులు కదా సార్" అన్నాడు.
"స్ట్రెచర్ లిఫ్టు. థియేటర్‌కి."

షాఫ్టులోకి టార్చి వేశాను.
మోటారు కరెంటు తీగని వాటేసుకుని
పైకి పాకుతోంది నా నీలి తీగ.
ఏ మేస్త్రీ ఎప్పుడు కట్టాడో, ఒకే క్లిప్పు కింద రెండూ.
మోటారు ఒళ్ళు విరిచినప్పుడల్లా దీనికి మూర్ఛ.

ఇంకోసారి చూద్దామని కౌంటరు దగ్గర నిలబడ్డాను.
కంకిపాడు నుంచి వచ్చినాయన
ఐదువందల నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి
రసీదు కోసం చూస్తున్నాడు.
వెనకాల ఆయన భార్యని లిఫ్టులోకి తోశారు.
తలుపులు మూసుకున్నాయి.
తెర బూడిదైంది.
"సర్వర్ పోయిందండీ, ఒక్క నిమిషం."
ఆయన చేతిలో చెప్పులున్నాయి. ఆమెవి.
నలభై సెకన్లు.
దొరికిందన్న సంతోషం మొహం మీదికి రాకుండా
పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది నేను.

ఆ రాత్రి మెట్ల వారగా కొత్త తీగ లాగాం.
బాజీ నిచ్చెన పట్టుకున్నాడు.
తెల్లారి లిఫ్టు ఆరుసార్లు పైకెళ్ళింది.
తెర రెప్ప కొట్టలేదు.
"అయితే ఇంక పైకి పోతుంటే
కింద ఎవరికీ తెలీదన్నమాట" అన్నాడు.
"ఇదివరకు మాత్రం తెలిసేదా?" అన్నాను.
అతనేం మాట్లాడలేదు.

సలోమి గారు డైరీ మానలేదు.
లిఫ్టు తలుపు చప్పుడైతే తలెత్తి చూసి
టైము వేస్తున్నారు.
పక్క గడి ఖాళీ.

నా బిల్లూ ఆవిడే కొట్టారు:
కేబుల్ యాభై రెండు మీటర్లు, క్లిప్పులు వంద, లేబరు.
రసీదు టక్కున వచ్చేసింది.