ఐదు గుండుసూదులు

ఏడడిగాం. ఐదిచ్చారు.
రాజధాని నుంచి వచ్చిన కాగితంలో
మిగతా రెంటి గురించి ఒక్క ముక్క లేదు.

గోడమీది పటం ముందు ఫెరీద్
ఏడు గుండుసూదులూ పళ్ళమధ్య పెట్టుకుని
కోటు కుట్టే దర్జీలా నిలబడ్డాడు.
ఈ లోయ కొలతలు నాకు కంఠతా వచ్చు:
మధ్యలో బోస్నా నది,
దాని ఎడమ భుజాన ఉక్కు కర్మాగారం,
రెండు పక్కలా కొండలు,
జనవరిలో పైన పొగమంచు మూత.
వారాల తరబడి ఎవరూ ఎత్తని మూత.

ఒక్కో విషానిది ఒక్కో కోరిక.
గంధకపు పొగ
చిమ్నీకి దిగువన, గాలివాటున కలుస్తానంటుంది.
నైట్రోజన్‌కి లారీల రోడ్డు కావాలి.
బెంజీన్ కోక్ బట్టీల గోడ వదలదు.
ఓజోన్ మరీ విచిత్రం,
రోడ్డు పక్కన లారీ పొగే దాన్ని మింగేస్తుంది,
జూలై మధ్యాహ్నం చూస్తే
ఏ పాపం ఎరగని కొండమీది ప్లమ్ తోటలో తేలుతుంది.
అలిగిన వియ్యంకులు నలుగుర్ని
ఒకే బంతిలో కూర్చోబెట్టడం ఇంతకంటే తేలిక.

నాలుగు సూదులు వారంలో దిగాయి.
ఐదోది పాతపేటకి.

నిబంధనల ప్రకారం
చెట్టుకి ఇరవై మీటర్ల ఎడం ఉండాలి.
గోడ గాలిని విరగ్గొట్టకూడదు.
కరెంటు ఉండాలి, దొంగలు ఉండకూడదు.
పీల్చే గొట్టం మూతి
నేలకి మీటరున్నర పైన.

జుమ్రేత ఇంటి పెరడు అన్నిటికీ సరిపోయింది
ఒక్క అక్రోటు చెట్టు తప్ప.
"కొట్టేస్తే..." అన్నాడు ఫెరీద్, కాఫీ గిన్నెలోకి చూస్తూ.
"రెండో కొలిమి వెలిగించిన ఏడు నాటాడు మా ఆయన.
ఆయన పోయాడు.
చెట్టూ కొలిమీ, రెంటిలో ఏది ముందు పోతుందో
చూసి పోదామని నేను" అందామె.
తర్వాత చక్కెర బిళ్ళ దవడన పెట్టుకుని:
"గాలి సంగతికి పెట్టెలెందుకు?
ముప్పై ఏళ్ళుగా దుప్పట్లు ఆరేస్తున్నా.
పదిలోపు తూర్పు తీగ మీద. పది దాటితే ఇంట్లో.
శుక్రవారం రాత్రి అసలు ఆరెయ్యను.
ఎవరూ చూడరని ఆ రాత్రే ఎక్కువ వదుల్తారు."
రాసుకున్నాను.
ఫారంలో దానికి గడి లేదు.

మూడు రోజులు తిరిగాక
అన్ని నిబంధనలకీ ఒదిగే చోటు దొరికింది.
చెట్లు లేవు, నాలుగు దిక్కులా ఆకాశం,
దీపస్తంభం, రాత్రి కాపలావాడు.
కొత్త శ్మశానం.
ఫెరీద్ నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.
"ఊపిరి పీల్చేవాళ్ళు ఉండాలని పుస్తకంలో ఎక్కడా లేదు."
తెల్లరాళ్ళ మీద పుట్టిన ఏడు, పోయిన ఏడు.
నాలుగైదు తీసివేతలు చేసి
ఆపేశాను.

చివరికి పిల్లల బడి వెనక పెట్టాం.
చెట్టుకి దూరం: పద్నాలుగు మీటర్లు.
పదిహేనని కూడా రాయలేదు.
'నిబంధన తప్పడానికి కారణం' అన్న గడిలో
"మధ్యాహ్నం ఒంటిగంటకి
ఇక్కడ తొంభైయారుగురు నిద్రపోతారు,
కిటికీలు తెరిచి" అని రాశాను.

బిగించిన రోజు నెయ్రా అనే పిల్ల
గొట్టం కింద నిలబడి
నెత్తిమీద చెయ్యి ఆనించి, పైకి చూసి,
"అంత ఎత్తున ఉండే గాలి ఎవరిది?" అంది.
"మీ టీచరమ్మది" అన్నాడు ఫెరీద్.
"మరి నాది?"
స్పానరు జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.
మీటరున్నరకి దిగువన
మాకు అనుమతి లేదు.

మొదటి శుక్రవారం రాత్రి
రెండుంబావుకి గంధకపు గీత
పటం అంచు దాకా లేచింది.
నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ
కర్మాగారం వాళ్ళ జవాబులో నిప్పు లేదు.
పొద్దున్నే పాతపేట మీదుగా వెళ్ళాను.
జుమ్రేత తీగ ఖాళీగా ఉంది.

ఆఫీసుకొచ్చేసరికి పటం మీద
ఆమె ఇంటి చోట ఆరో సూది.
'పరికరం' అన్న చోట ఫెరీద్ దస్తూరీ: తీగ, దుప్పటి.
ఏడోది ఎక్కడని అడిగాను.
మాట్లాడలేదు.
అది ఇంకా పళ్ళమధ్యే ఉంది.