మూడో సెకనులో దగ్గు

గురువారం రాత్రి, ఎనిమిది దాటాక
ట్రాము ఆఖరి మలుపులో
ఫఖ్రీ కాఫీ హోటల్లో
టీవీ నోరు నొక్కేసి
నేను ప్రశ్నలు మొదలుపెడతాను.
అలెగ్జాండ్రియాలో జనం సముద్రానికి వీపు పెట్టి
కూర్చునే చోటు ఇదొక్కటే.

ప్రశ్న తయారుచెయ్యడమంటే
చేపని తీసేసి ముల్లు వడ్డించడం.
గొంతు కోసేస్తాను. పల్లవి పారేస్తాను.
పాడే మనిషి ఊపిరి పీల్చుకోకముందు
నాలుగంటే నాలుగు సెకన్లు.
ఏ సినిమా? ఏ ఏడు?
ఆ వెదురు ఊదిందెవరు?

గలాల్‌కి అన్నీ తెలుసు.
ముప్ఫయ్యేళ్లు రేవులో కస్టమ్స్ ఉద్యోగం,
పెట్టె తెరవకుండానే లోపలి సరుకు చెప్పినవాడు.
చెయ్యెత్తడు, ఒక కనుబొమ్మ ఎత్తుతాడు,
అంతే, నా ప్రశ్న చచ్చిపోతుంది.
పళ్ల డాక్టరు నష్వా మాత్రం
నలుపు తెలుపు సినిమా పాటని కూడా
"ఆ ఆకుపచ్చ గౌను పాట" అంటుంది.
కాదనే ధైర్యం ఎవరికీ లేదు,
అందరి పళ్లూ ఆవిడ చేతిలోనే ఉన్నాయి.
కుర్రాడు తామిర్ బల్లకింద ఫోను చూసి దొరికిపోతే
అందరికీ టీ చెప్పాలి. మా శిక్షాస్మృతి మొత్తం అదే.

గోడవారన మదాం ఇన్సాఫ్.
మూడేళ్లుగా వస్తోంది,
సోంపు టీ తాగుతుంది, వెళ్లిపోతుంది.
నా మార్కుల పుస్తకంలో
ఆవిడ పేరు ఎదురుగా సున్నా కూడా లేదు.
సున్నా రావాలన్నా నోరు విప్పాలిగా.

పోయిన వారం ప్రశ్నలు నిండుకున్నాయి.
ఏదో ఒకటని, ఓ పాత పాట మొదలు పెట్టాను.
కానూన్ తీగలు జలజలా,
మూడో సెకనులో ఓ దగ్గు,
ఆపైన అకార్డియన్.
"ఆ దగ్గు ఎవరిది?" అన్నాను.
నాకూ తెలీదు. నవ్వించడానికే అడిగాను.

"నిర్మాతది, అప్పులవాళ్లు కనబడి ఉంటారు" అన్నాడు గలాల్.
"స్టూడియో పిల్లిది" అంది నష్వా.
గ్లాసు కింద పెట్టిన చప్పుడు.
"మా ఆయనది."

అందరం అటు తిరిగాం.
"దగ్గు కాదు, సైగ.
కానూన్ ఆయనది. రెండు చేతులకీ పనే.
అకార్డియన్ అబ్బాయి ఎక్కడ తప్పిపోతాడోనని
గొంతుతో పిలిచేవాడు."

గలాల్ కనుబొమ్మ లేచింది.
"రుజువు?"
కస్టమ్స్ మనిషి ఎప్పటికీ కస్టమ్స్ మనిషే.

"మళ్లీ పెట్టండి" అంది.
పెట్టాను.
దగ్గు.
ఆపైన అకార్డియన్,
అర మాత్ర ఆలస్యంగా.

పుట్టిందగ్గర్నుంచీ వింటున్నాం
ఆ తడబాటుని, సొగసనుకుని.
పెళ్లి బ్యాండ్లవాళ్లు దాన్ని కష్టపడి నేర్చుకుని
అంతే ఆలస్యంగా వాయిస్తారు.

"పిలిచినా అంతే, ఆలస్యమే" అంది ఇన్సాఫ్,
ఇప్పుడు మాతో కాదు, గ్లాసుతో.
"రిహార్సల్‌కి ఆలస్యం. కైరో రైలుకి ఆలస్యం.
మా నాన్నతో మాట్లాడ్డానికి కూడా
ఒక్క శుక్రవారం ఆలస్యంగా వచ్చాడు.
అప్పటికే ఈయనొచ్చి
మా ఇంట్లో షర్బత్ తాగి వెళ్లాడు."

ట్రాము పోయింది, కిటికీ అద్దాలు కాసేపు వణికాయి.
నష్వా తన రుమాలు తనే మడతపెట్టి, మళ్లీ విప్పింది.
"మంచివాడు మా ఆయన" అంది ఆవిడ,
ఎవరూ అడక్కపోయినా.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
ప్రశ్న దగ్గు గురించి,
జవాబు అకార్డియన్ దగ్గర ఆగింది.
ఇలాంటివాటికి ఎన్ని మార్కులో
నా నిబంధనల్లో లేదు.

గలాల్ కనుబొమ్మ దించి
ఎన్నడూ లేని గొంతుతో అడిగాడు:
"ఆ అకార్డియన్ అబ్బాయి పేరు?"
అతనికి తెలియనిది ఒకటుందని
మాకు ఆ రోజే తెలిసింది.

ఇన్సాఫ్ సంచీ భుజాన వేసుకుంది.
"అది వచ్చే గురువారం అడగండి."

ఇవాళ బుధవారం.
ఆ పాటే మళ్లీ కోసి ఉంచాను.
నాలుగు సెకన్లు,
పైన ఇంకో అర మాత్ర.