ఉంగరం వేలు

పొందూరు బజారు చివర మా ల్యాబులో
ఏడున్నరకే బెంచీ నిండిపోతుంది.
సూరీడమ్మ బొటనవేలికి సూది దిగదు,
చూపుడువేలికీ దిగదు.
యాభై ఏళ్ళ నూలు అక్కడ కాయ కాసింది.
ఉంగరం వేలు ఇమ్మన్నాను.
రాట్నం పని అంతగా ఎరగని వేలు,
చుక్క వెంటనే ఉబికింది.

"బెల్లంముక్క నోట్లెట్టి ఎరగను బాబూ,
నాకేటి, పంచదార జబ్బేటి?"

నా డిప్లొమా పుస్తకంలో దీనికి నాలుగు లైన్లున్నాయి,
వాటికి ఆమె మాట రాదు.
"ఒంట్లో ప్రతి కణానికీ ఒకటే నూలమ్మా," అన్నాను.
"కంట్లోనూ అదే, కాలిగోటి మొదట్లోనూ అదే.
ఇన్సులిన్ నేసే పోగు అన్నిట్లోనూ ఉంది.
కంట్లో దాన్ని ఉండకి బిగించి, ముడేసి, అటకెక్కించేశారు.
క్లోమంలో, దీవుల్లాంటి చిన్న చోట్ల మాత్రం
వదులుగా ఉంచారు.
మీయమ్మ కడుపులో నువ్వు నెలనాటి నలుసువి,
పేగు గోడమీద మొగ్గ పొడిచింది చూడు,
అప్పుడే మొదలు
ఏది విప్పాలి, ఏది కట్టెయ్యాలి అన్న లెక్క."

వింటోంది,
పత్తి దువ్వుతుంటే వాలుగ చేప దవడ
ఎక్కడ తట్టుకుంటుందో వినే చెవితో.

"నన్ను మోసినేడు మాయమ్మ గెంజే తాగింది.
తోటకూర కాడా దొరకనేదంట."

సూది డబ్బాలో పడేశాను.
అక్షరం ఒక్కటీ మార్చకుండా
ఆకలి కూడా ముళ్ళేస్తుందంటారు.
ముందున్నవన్నీ కరువు రోజులే అనుకుని
క్లోమాన్ని పొదుపుగా కడుతుందట.
తర్వాత రేషన్ బియ్యమొచ్చింది,
మూడుపూటలా తెల్లన్నం వచ్చింది.
ఉన్న కాసిని కణాలే మోసీ మోసీ...
కొన్ని చచ్చిపోవు.
తామెవరో మరిచిపోతాయి.
ఇది మాత్రం ఆమెకి చెప్పలేదు.

"మరైతే ఆ ముడి ఇప్పడానికవదా?"
"చూస్తున్నారమ్మా, పెద్దపెద్దోళ్ళు."
"లాగొద్దని సెప్పండి. సిక్కు లాగితే పోగు తెగిపోతాది."

రెండొందల అరవై ఎనిమిది, పరగడుపున.
కాగితాన్ని చూడకుండానే
చిల్లరతో కలిపి కొంగున ముడేసుకుంది.
మెట్టు దిగి, మళ్ళీ ఎక్కింది.

"మా కోడలికి అయిదో నెల బాబూ.
ఇప్పుడు దాని కడుపులో సుడతన్నారేటి?"
అవునన్నాను.
"ఎవులు?"

తర్వాతి మనిషి చెయ్యి చాపేశాడు.
దూది తడుపుతూ కిటికీలోంచి చూశాను:
గుడ్ల కొట్టు ముందు నిలబడి సూరీడమ్మ
పళ్ళతో
కొంగుముడి విప్పుతోంది.