పదకొండు మెడలు

పాలకొల్లులో అది కాలువ కట్టేసిన నెల.
బురదలో ఒరిగిన పడవల మోకులే
రింగుకి తాళ్ళయ్యాయి.
వాటికి ఎర్ర ట్విల్లు గుడ్డ చుట్టింది నేనే,
గజానికి పావలా కూడా మిగలకుండా.
రైసుమిల్లు ఆవరణలో ఊక బస్తాలు పరిచి,
మీద బల్లలేసి, లారీ పట్టా బిగించారు.
రిక్షా మైకు వెనకాల
గులాబీరంగు కరపత్రాలు సందుసందునా ఎగిరాయి:
మూడు రాత్రులు! ఎనిమిది జోడీలు!
పదహారు మంది వస్తాదులు!

ఉన్నది, ఊరివాళ్ళిద్దరినీ కలుపుకుని, పదకొండు మంది.

నాకు తెలుసండి. కొలతలు తీసింది నేను.
కంట్రాక్టరు కొప్పిశెట్టి నూకరాజుగారు
నా మిషను మీద మోచెయ్యి ఆనించి,
"ఐదు ముసుగులు కావాలి మాస్టారూ, తెల్లారేసరికి" అన్నారు.

జనం మొహాలు చూస్తారు,
నేను మెడలు చూస్తాను.
కాబూలు పఠాన్‌ మెడ పంతొమ్మిదిన్నర.
గంట పోయాక నల్ల ముసుగులో దిగిన
యమకింకరుడిదీ పంతొమ్మిదిన్నరే,
ఎడం చెవి కింద అదే పులిపిరి.
బార్కస్ నుంచి వచ్చిన అవద్ చావుష్
రెండు పేర్లకీ చెమటోడ్చి
లాడ్జిలో ఒక్క పేరుతో నిద్రపోయేవాడు.

మా జోడీ బళ్ళ ఇస్రాయేలు, మిల్లు హమాలీ,
పెచ్చెట్టి తాతబ్బాయి, తాళ్ళెక్కేవాడు.
వాళ్ళు గెలవాలని జనం.
గెలుస్తారని నూకరాజుగారి జేబులో చీటీ.

మూడో రాత్రి తిరకాసొచ్చింది.
రెండో కింకరుడు
మధ్యాహ్నం రొయ్యల వేపుడికి ఓడిపోయి
లాడ్జి పెరట్లోంచి రాడు.
నేను కుట్టిన ముసుగు నాకే తొడిగారు.
"మూల తాడు పట్టుకుని చెయ్యి చాపండి, చాలు.
మిమ్మల్ని ఎవరూ తాకరు. ఒట్టు."

నా మెడ పదమూడున్నర.
లేసు మూడు చుట్లు తిరిగింది.
లోపల సుద్దముక్క వాసన, నా చేతుల వాసన.
కుడికంటి చిల్లు కాస్త వంకర.
ఆ తప్పు లోపల్నుంచి చూస్తేగాని తెలీలేదు.

"ఆ బక్క ముసుగోణ్ణి మడతపెట్టెయ్ ఇస్రాయేలూ!"
ఆడాళ్ళ వైపునుంచి ఓ గొంతు.
పద్నాలుగేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న గొంతు.

చావుష్ అప్పటికే పఠాన్‌గా ఒకసారి ఓడొచ్చాడు.
పదిహేడో నిమిషంలో మోకాళ్ళ మీద పడి
నావైపు పాకడం మొదలెట్టాడు.
అది చీటీలో లేదు. అది నిజం అలసట.
ముసుగులోంచి ముసుగులోకి చూశాడు.
చెయ్యి చాపి ఉంచమన్నారు.
వెనక్కి తీసుకోమని ఎవరూ చెప్పలేదు.

తాకాడు.

బల్లల కింద ఊక మెత్తగా కదిలింది.
ఇస్రాయేలు నన్ను ఒడిసిపట్టాడు,
వేలికి మర్చిపోయిన నా అంగుస్తానా చూశాడు.
పోయిన క్రిస్మస్ చొక్కా కూలీ ఇంకా బాకీ వాడు.
చెవిలో గుసగుసగా:
"మాస్టారూ, ఊపిరి బిగపట్టకండి."

ఎత్తాడు.
బస్తాని ఎత్తినట్టు కాదు,
నిద్రపోయిన పిల్లని పక్కమీంచి ఎత్తినట్టు.
పైనుంచి కనిపించాయి
మిల్లు పొగగొట్టం, పెదగోపురం దీపం,
వెన్నెల్లో మోకుల్లేని పడవలు.
ఎంతసేపో.
తర్వాత మెల్లగా దించాడు,
పడేసిన చప్పుడు మాత్రం
తన మడమతో బల్లమీద కొట్టి.

ఒకటి, రెండు, మూడు.
ఊరంతా లేచి నిలబడింది, నేను తప్ప.

ఇంట్లో ఖాసింబీ పళ్ళెం పెడుతూ,
"ఎక్కడికెళ్ళారు? ఎంత కుస్తీ పోగొట్టుకున్నారో!
ఆఖర్న ఓ ముసుగోడొచ్చాడు,
ఉఫ్‌మంటే ఎగిరిపోయేలా ఉన్నాడు, పాపం."
పాపం అంది.
మెడమీద లేసు గాటు కనపడకుండా
తువ్వాలు చుట్టుకుని తిన్నాను.

నూకరాజుగారు ఐదు ముసుగుల కూలీ ఇచ్చారు.
ముసుగేసుకున్న కూలీ నేనడగలేదు.
ఇస్రాయేలు బాకీ పుస్తకంలో కొట్టేశాను.
కారణం రాసే గడి అందులో లేదు.

జూన్‌లో కాలువ వదిలారు.
మోకులు పడవలకి తిరిగెళ్ళాయి.
ఒకదానికి నా ఎర్రగుడ్డ పీలిక ఇంకా చుట్టుకునే ఉంది,
ధాన్యం పడవతో నరసాపురం వైపు పోతూ.