రెండు రూపాయల నకలు

సుల్తానాబాద్ బస్టాండుకు ఎదురుంగ
నా జిరాక్సు దుకాణం.
సముద్రం అవతల ఎవలో సంతకం పెడితే
ఈడ నా మిషన్ల కాయితం ఒడుస్తది.

మొన్న క్షమాభిక్ష అన్నరు.
జుర్మానా లేకుంట ఎల్లిపోవచ్చన్నరు,
గీ తేదీ దాటితే జైలన్నరు.
ఆ తేదీ గర్రెపల్లికి నాకన్న ముందే ఎర్క,
మిత్తికిచ్చినాయినకు గర్రెపల్లి కన్న ముందే ఎర్క.

స్వరూప అచ్చింది.
చేతిల పెనిమిటి పాసుపోర్టు, నకలుకు నకలు.
అసలుది కఫీలు బీరువల ఉన్నదట.
మొఖమంత నల్లగ, చెవులు తెల్లగ,
నంబరు ఒక్కటే కనవడుతున్నది.
"జర సాఫ్‌గ తియ్యక్కా" అన్నది.
ఏం చెయ్యాలె చెల్లె,
నకలుకు నకలు తీసిన కొద్ది
మనిషి ఇంకింత మాసిపోతడు.

ఏడేండ్లు ఖల్లివెల్లి ఉన్నడు రాయలింగు.
పోలీసు బండి లైటు కనవడితే
సగం అతికించిన టైల్సు ఇడిసిపెట్టి
గోడలు దునికినోడు.
ఆ దునుకుడు పైసలే ఈడ బోరైనయి,
బోరెండితే ఇంకో బోరైనయి,
స్లాబుదాక లేశిన ఇల్లైనయి.
ఇనుప సీకులు ఇంక మొగులు దిక్కే చూస్తున్నయి.

ఒక్క నెలల మండలం నిండ మొగోళ్లు దిగిండ్రు.
లక్ష రూపాల చిట్టి
అరువై రెండు వేలకు పాడుకపోయిండ్రు,
అందరికీ అదే నెల కావలసచ్చే.
బంగారం కుదువబెట్టుకునే కాడ టోకెన్లిచ్చిండ్రు.
పైసలిచ్చే కౌంటర్ల పోరడు
ఫోన్ల లూడో ఆడుకుంట కూసున్నడు.
మేస్త్రి కూలి యాభై దిగింది.
ఎవలు దించిండ్రంటే ఎవలు చెప్పలే.

రాయలింగు సుత దిగిండు. ఒక్క సంచి.
బిడ్డ తల్లి ఎనుకకు జరిగి
"ఫోన్ల గింతే ఉంటుండె గద నాయిన" అన్నదట.
గా ముచ్చట నాకు చెప్పుకుంట నవ్విండు.
చాయ్ తాగిండు. మళ్ల గదే ముచ్చట చెప్పిండు.

రైసుమిల్లుకు పోయిండు పనికోసం.
"నువ్వు పొద్దుగూకితే ఇంటికి పోతవు,
బిహారోల్లు ఈడనే పండుకుంటరు,
లారీ ఎన్నడస్తే అన్నడు లేస్తరు" అన్నడు సేటు.
ఆడ అర్బాబు మా గురించి
గిదే మాట అన్నడక్కా, అరబ్బీల, అంటడు.
"మస్తు తారీఫ్ అనుకున్న అప్పుడు."

క్యాంపుల నేర్సిన హిందీ పనికచ్చింది.
ఠాణల రాయియ్యాలె అందరి పేర్లు,
కార్డులు జమచేసి నకలు తీస్కరా అన్నడు సేటు,
రోజుకు నాలుగు వందలు.

అట్ల అచ్చిండు నా దుకాణానికి,
రబ్బరు బ్యాండేసిన కార్డుల కట్ట పట్టుకొని.
ఎనుక ఒక పోరడు. కతిహార్ అట. మునాజిర్.
అంగి భుజం మీద తవుడు.
లెక్కవెట్టిన. పదిహేడు.
"సేటుకు పద్దెనిమిది చెప్పిన" అన్నడు రాయలింగు.
పోరని సంచి రైల్ల పోయింది, కార్డు అండ్లనే పోయింది.

పోరడు చెప్పుల దిక్కు చూస్తున్నడు.
రాయలింగు రోడ్డు దిక్కు చూస్తున్నడు,
అటు ఏ బండి లేదు.
జరసేపటికి అన్నడు,
"అద్దం మీద ఏం పెట్టకుంట ఒక్కటి తియ్యి."

తీసిన.
బూడిద రంగు కాయితం,
అద్దం మీది గీత ఒక్కటి
కొసదాక పడ్డది, గంతే.
వేడి వేడిది తీసి కట్ట నడుమ పెట్టి
పిన్ను కొట్టిండు.
సేటు లెక్కవెడతడు గని తిప్పి చూడడన్నడు.
ఎస్సై సంగతి నేనడుగలే.

ముప్పై ఆరు రూపాలు.
ఖాళీ దానికి సుత తీసుకున్న.
మిషను ఊకె తిరగది కద,
కిరాయి ఐదో తారీఖు.